వన్‌టౌన్ వీధులు వెడల్పు చేస్తే కర్నూలు ఇరుకు తీరుతుందా?

హంద్రీగట్టు:
మొన్న మా అమ్మకు మోకాళ్ల నొప్పులు ఎక్కువైతే డాక్టరుకు చూపిద్దామని సి.క్యాంపు నుంచి పాత ఊరు వన్‌టౌన్ తట్టుకు బయలుదేరినాం. కొండారెడ్డి బురుజు కంటికి కనబడతానే ఉంది, దగ్గరికి మాత్రం రాదు. ముందర ఉల్లిగడ్డ మూటలేసుకున్న ట్రాలీ ఆటో, దాని పక్కన మనుషుల్ని ఎక్కించుకునే షేర్ ఆటో, ఎదురుగా ఒకాయన కారును నడివీధిలో నిలబెట్టి సామాన్లకు పోయినాడు. హారన్ కొడితే అంగట్లో నుంచే చెయ్యి ఊపుతాడు, వస్తాండా అని. చివరికి మా అమ్మ "నడుచుకుంటా పోదాం పా" అనింది. మోకాళ్లు చూపించుకోబోయే మనిషి!

వన్‌టౌన్‌లో పెద్ద వీధులన్నీ అరవై అడుగులు చెయ్యాలనే మాట మళ్ళీ వినబడతాంది. నేను చెయ్యాలనే అంటా. 1953లో రాజధాని అయినప్పుడే ఈ ఊరు చాలలేదు, గుడారాల్లో ఆఫీసులు పెట్టినారని మా తాత చెప్పేవాడు. ఇప్పుడు ఓర్వకల్లులో 2021 నుంచి విమానాలు దిగుతాన్నాయి. అక్కడే పారిశ్రామిక నోడ్‌కు, అంటే ఫ్యాక్టరీల కోసం కట్టే పెద్ద వాడకు, 2024లో కేంద్రం ఒప్పుకుంది. నంద్యాల 2022లో వేరే జిల్లా అయిపోయినా పెద్ద జబ్బంటే అక్కడోళ్లు వచ్చేది మన పెద్దాసుపత్రికే. ఊరు ఇంత పెరిగినాక వీధులు మాత్రం నవాబుల కాలం నాటివే ఉండాల్నా? వద్దనేవాళ్లు కారణం చెప్పండి. తిట్లు వద్దు.

జమ్మిచెట్టు:
తిట్టనులే అన్నా. వన్‌టౌన్‌లో మాది బట్టల అంగడి. పద్నాలుగు అడుగుల ముఖం, ఇరవై రెండు అడుగుల లోతు. మా వీధి ముప్పై అడుగులు. అరవై చెయ్యాలంటే మా తట్టు పదిహేను పోతాయి. మిగిలేది ఏడు అడుగులు. అందులో గల్లాపెట్టె, రెండు ర్యాకులు పెట్టుకుంటే చీరలు చూసేవాళ్లు రోడ్డు మీద నిలబడాల. అంటే వెడల్పు చేసిన రోడ్డును మళ్ళీ నేనే ఆక్రమించుకోవాల.

ఇంకో సంగతి. ఆ అంగడి నాది కాదు, బాడుగది. మా నాయన కాలం నుంచి ముప్పై రెండేళ్లుగా అక్కడే ఉండాం. పరిహారం వస్తే ఓనరుకు వస్తుంది. నాకు వచ్చేది "వేరే చోటు చూసుకోప్పా" అనే మాట.

నందికొట్కూరు_రోడ్డు:
ప్రతిసారీ ఇదే కథ. నాలుగు అంగళ్ల కోసం ఊరంతా ఇరుక్కోవాల్నా? అసలు మీ అంగడి ముందర మెట్లు, చూరు, బొమ్మలకు చీరలు కట్టి నిలబెట్టే బల్ల, ఇవన్నీ ఎవరి స్థలంలో ఉండాయి? మురుగు కాలువ మీద కదా? ముందు అవి తీస్తే రెండు తట్లా కలిపి పది అడుగులు ఉత్త పుణ్యానికి వస్తాయి. తోపుడు బండ్లు కూడా తీసేస్తే సగం బాధ తీరుతుంది.

జమ్మిచెట్టు:
ఆ మాట నిజమే, దాచేదేముంది. కాలువ మీద బేతంచెర్ల బండ పరిచి మెట్టు కట్టుకున్నాం. పక్కాయన కట్టుకున్నాడని మేము, మేము కట్టుకున్నామని ఆ పక్కాయన. ఆ ఐదు అడుగులు తీస్తే నేను అడ్డం పడను. ఒక్కటే, వీధిలో అందరివీ ఒకే రోజు తీయాల. మొదట నాది తీసి, మూలమీద ఇంకొకరిది అట్లే పెడితే మాత్రం ఊరుకోను.

పాత_ఇంజనీరు:
రోడ్ల పనిలోనే బతుకంతా గడిపి రిటైరైనవాణ్ణి. ఆవేశాలు కాసేపు పక్కనపెట్టి టేపు పట్టుకుందాం.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల్లో ఒక లైను వెడల్పు మూడున్నర మీటర్లు, ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లు. ముప్పై అడుగుల వీధి అంటే తొమ్మిది మీటర్లు. రెండు తట్లా ఫుట్‌పాత్‌లకు 3.6 తీసేస్తే 5.4 మిగులుతుంది. ఎదురెదురుగా రెండు లైన్లకు ఏడు కావాలి. కాబట్టి ఆ వీధి రెండు వైపుల రాకపోకలకు మొదటినుంచీ చాలదు. ఒకే వైపు పోనిస్తే మాత్రం సులువుగా సరిపోతుంది.

ఇక పార్కింగు చూడండి. మోటారు సైకిళ్లను అడ్డంగా నిలబెడితే ఒక్కో తట్టు రెండు మీటర్లు పోతుంది. తొమ్మిదిలో నాలుగు పోతే ఐదు. హంద్రీగట్టు గారు వాళ్ల అమ్మగారితో ఇరుక్కున్నది ఆ ఐదు మీటర్లలోనే. సరే, అంగళ్లు కూలగొట్టి పద్దెనిమిది మీటర్లు చేశామనుకోండి. చోటు పెరిగింది కదా అని మోటారు సైకిలు నిలబడే చోటికి కారు వస్తుంది. కారును ఏటవాలుగా పెడితే ఐదు మీటర్లు తింటుంది, రెండు తట్లా పది. మిగిలేది ఎనిమిది. వీధికి రెండు తట్లా పునాదులు పెకిలించి మనం సంపాదించింది మూడు మీటర్లు! అందులో కూడా కొంత తోపుడు బండ్లకు పోతుంది.

కూలగొట్టడం రెండు రోజుల పని. కష్టమంతా ఆ తర్వాత. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మరు, తాగునీళ్ల పైపు, మురుగు కాలువ, ఒక్కోటి ఒక్కో శాఖ, ఒక్కో ఎస్టిమేటు. నేను పనిచేసిన ఒక ఊళ్లో, పేరు వద్దులెండి, స్తంభాలు మూడేళ్లు నడిరోడ్డులో నిలబడ్డాయి. రాత్రిపూట బండ్లు గుద్దుకుంటుంటే చుట్టూ డ్రమ్ములు పెట్టించాం. వెడల్పు చేసిన రోడ్డు ఆ డ్రమ్ముల దగ్గర పాత రోడ్డుకన్నా ఇరుకైంది. సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నా కాబట్టి చెబుతున్నాను.

అట్లని ఏమీ చేయొద్దని కాదు. బండ్లు ఆగేది వీధి నడుమ కాదు, మలుపు దగ్గర. మూలమీది అంగళ్లు రెండో మూడో తీసుకుని మలుపు కోస్తే, వీధి పొడుగునా నలభై అంగళ్లు తీసినదానికన్నా ఎక్కువ లాభం.

తుంగభద్ర_ఒడ్డు:
సార్, మీ లెక్కలో ఫైరింజను ఉందా?

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ మా మీదికి వచ్చినాయి. మా సందు నుంచి బయటికి దారి ఒక్కటే, అదీ ఒక ఆటో పట్టేంత. మేడ మీదికి ఎక్కి రెండు రోజులు బిస్కెట్లు తిన్నాం. నీళ్లు తీసినాక బురద ఎత్తడానికి జేసీబీ లోపలికి పట్టలేదు. గంపలతో మోసి మూలమీద పోస్తే అక్కడి నుంచి ట్రాక్టరు ఎత్తుకుపోయింది. నెల దాకా ఆ వాసన పోలేదు. నాకు షాపింగు ట్రాఫిక్‌తో పని లేదు. ఈసారి నీళ్లొస్తే మా అత్తను ఏ దారిన తీసుకుపోవాల, అది చెప్పండి చాలు.

పాత_ఇంజనీరు:
లేదమ్మా, నా లెక్కలో అది లేదు. నేను వీధులను అంగళ్ల కోసమే చూశాను. మీరు చెప్పింది వేరే పని, దానికి అరవై అడుగుల బజారు వీధి అక్కరలేదు. నది తట్టు నుంచి ఎత్తుగా ఉన్న చోటికి పోయే దారులు ఏవేవో గుర్తుపెట్టి, ఫైరింజను పట్టేంత వరకు వాటిని తెరవాలి. మూసుకుపోయిన సందులు తెరవడం కూడా అందులోకే వస్తుంది. అది మాత్రం వెంటనే చేయాల్సిందే. దానికి అంగడి అడ్డమొచ్చినా, ఇల్లు అడ్డమొచ్చినా తీయమనే అంటాను.

సి.క్యాంపు_వకీలు:
డబ్బు మాట ఇంకా ఎవరూ ఎత్తలేదే. మునిసిపాలిటీల దగ్గర పరిహారానికి నగదు ఉండదు, అందుకే టీడీఆర్ బాండు ఇస్తామంటారు. అంటే మీరు వదిలిన స్థలానికి బదులు ఇంకోచోట అదనంగా కట్టుకునే హక్కు కాగితం మీద రాసిస్తారు. మీకు అక్కర లేకపోతే ఏ బిల్డరుకో అమ్ముకోవచ్చు. వినడానికి బాగుంటుంది. అయితే ఆ కాగితానికి విలువ ఎక్కడొస్తుంది? అనుమతికి మించి అంతస్తులు కావాలని బిల్డర్లు పోటీపడే ఊళ్లో. మన ఊళ్లో ఖాళీ స్థలం ఇంకా ఉంది, పక్కకు కట్టుకుంటా పోతాన్నారు. పైకి కట్టడానికి ఎవడు కొంటాడు మీ బాండు? ఇక తణుకు, తిరుపతిలో ఆ బాండ్ల జారీ మీద ఎంత గొడవ అయిందో పేపర్లలో చదివే ఉంటారు.

2013 భూసేకరణ చట్టం దారి వేరు. మార్కెట్ విలువ కట్టి, దాని మీద నూటికి నూరు సొలేషియం, అంటే బలవంతంగా తీసుకున్నందుకు అదనపు సొమ్ము, ఇవ్వాల. మూడేళ్లుగా అక్కడే బతుకుదెరువు ఉన్న కుటుంబాలను కూడా ప్రభావిత కుటుంబాలుగా చూడాల, సొంత స్థలం లేకపోయినా. బాండు తీసుకుంటే స్థలం మీరే ఇష్టపడి ఇచ్చినట్టు లెక్క. ఓనరు ఇష్టపడి ఇచ్చినాక బాడుగకు ఉన్న జమ్మిచెట్టు అన్న గురించి అడిగేవాడు ఉండడు. సంతకం ఓనరుది, పోయేది ఈయన అంగడి.

తోపుడు బండ్లు తీసేయమన్నారొకరు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే చేసి, గుర్తింపు పత్రం ఇవ్వకుండా కదిలించకూడదు. చోటు చూపించే కమిటీలో నూటికి నలభై మంది వాళ్లే ఉండాల.

నందికొట్కూరు_రోడ్డు:
చట్టాలు బాగానే ఉంటాయి వకీలు సాబ్, ఫుట్‌పాత్ మీద నడిచేవాడికి ఒక చట్టం చూపించండి. సరే, వన్‌టౌన్ వదిలేయండి. బయట రింగురోడ్డు పూర్తిగా వేస్తే ఈ గొడవే ఉండదు కదా?

మూడు_చక్రాలు:
రింగురోడ్డు మీద నాకు గిరాకీ ఎవరిస్తారన్నా? వన్‌టౌన్‌కు వచ్చేవాడు వన్‌టౌన్‌కే వస్తాడు. హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే లారీ 44 నంబరు రోడ్డు మీద పోతాది, కడప తట్టుకు పోయేది 40 ఎక్కుతాది. బురుజు చూసిపోదామని ఏ లారీవాడూ లోపలికి రాడు. రింగు వేస్తే బళ్ళారి చౌరస్తా, నంద్యాల చెక్‌పోస్టు ఊపిరి పీల్చుకుంటాయి, అది నిజం. నీ నందికొట్కూరు రోడ్డుకు మంచిది. మా బజారుకు దాంతో ఏమీ కాదు.

అందరూ ఆటోలను అంటాండారు కాబట్టి నా మాట కూడా వినండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకు బస్సు ఉచితం. మా ఇంట్లో ఆడోళ్లూ ఎక్కుతారు, వద్దనను. అక్టోబరులో మాకు పదిహేను వేలు ఇచ్చినారు, తీసుకున్నా. అయితే ముందు నలుగురు దొరికేదానికి ఐదు నిమిషాలు నిలబడేవాణ్ణి, ఇప్పుడు పావుగంట నిలబడాల. ఎక్కడ నిలబడాల? స్టాండుకు చోటు చూపించినారా? మూలమీద నిలబడితే మనుషులు దొరుకుతారు, అందుకే మూలమీద నిలబడతా. ఇంజనీరు సార్ మలుపు కోసి వెడల్పు చేస్తే మొదట పోయి నిలబడేది నేనే. ముందే చెప్తాండా.

రాజ్‌విహార్:
ఆటో అన్న చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

నా మాట బస్సు గురించి. 2023 ఆగస్టులో కేంద్రం పీఎం ఈ-బస్ సేవ కింద పదివేల కరెంటు బస్సులు ప్రకటించింది, మన రాష్ట్రం నుంచి తీసుకున్న నగరాల్లో కర్నూలు కూడా ఉంది. అందులో పన్నెండు మీటర్లవే కాదు, తొమ్మిది, ఏడు మీటర్ల బస్సులు కూడా ఉంటాయి. ఏడు మీటర్ల బస్సు ఒకే వైపు దారి చేసిన వీధిలో హాయిగా తిరుగుతుంది. సి.క్యాంపు, రాజ్‌విహార్, బురుజు, మళ్ళీ వెనక్కి, పది నిమిషాలకొకటి. కూలగొట్టే పనే లేదు. అట్లా తిరిగితే నేను నా స్కూటీ బయటికి తీయను. ఎంతసేపటికి వస్తుందో తెలియని బస్సు అయితే మాత్రం, ఉచితమైనా ఎక్కను.

హంద్రీగట్టు:
నేను వెడల్పు కావాలని మొదలుపెట్టినా, ఇప్పుడు సగం మాట మార్చుకుంటాండా. మొదట కాలువ మీది మెట్లు ఒకే రోజు తీసేయాల. వీధులు జతలుగా చూసి ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి పెట్టాల. ఆటోలకు మలుపు నుంచి వంద అడుగుల అవతల స్టాండు చూపించాల. ఒక్క నెల చూసి, అప్పటికీ తీరకపోతే కూలగొట్టే మాట మాట్లాడదాం. ట్రాలీ ఆటోలు, లారీలు సరుకు దించుకోవడం మాత్రం పొద్దున తొమ్మిది లోపల అయిపోవాల. జమ్మిచెట్టు అన్నా, దీనికైనా ఒప్పుకుంటావా?

జమ్మిచెట్టు:
అన్నిటికీ సరే, ఆ తొమ్మిది గంటలే కుదరదు. మా మూటలు సూరత్ నుంచి వస్తాయి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసు తెరిచేది పదిన్నరకు. హమాలీలు వచ్చేది పదకొండుకు. నేను తొమ్మిదికి ఎక్కడ దించుకోవాల? రాత్రి తొమ్మిది తర్వాత అనండి, ఆలోచిస్తా. హమాలీలకు రాత్రి కూలి ఎక్కువ ఇయ్యాల, అదొకటి ఉండాది.

మూడు_చక్రాలు:
వంద అడుగులు ఎక్కువన్నా. యాభై చెయ్యండి. మోకాళ్ల నొప్పులుండే మీ అమ్మ కూడా నడవాల కదా.

హంద్రీగట్టు:
మా అమ్మకు ఇదంతా చదివి వినిపించినా. అంతా విని "ఇంత మంది ఎందుకురా, ఆ డాక్టరునే సి.క్యాంపుకు వచ్చేయమను" అనింది.

జమ్మిచెట్టు:
వచ్చేస్తాన్నాడంట అన్నా. మా ఎదురు మేడకు నిన్న "బాడుగకు ఇవ్వబడును" అని బోర్డు కట్టినారు.