ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటోంది, తూటా పేలడం లేదు

బండల క్వారీ, యర్రగుంట్ల:
అందరికీ నమస్కారం. నాది లైసెన్సు ఉన్న .32 పిస్టల్, స్ట్రైకర్ రకం. 2024 ఎన్నికలకు అందరిలాగే మార్చిలో పోలీసు స్టేషన్‌లో అప్పగించాను. నెలల తరబడి కదలకుండా ఉంటే తుప్పు పడుతుందన్న భయంతో ఇచ్చే ముందు నూనె ధారాళంగా పోశాను. తిరిగి తెచ్చుకున్నాక అల్మారాలోనే ఉంచాను. మొన్న రేంజికి తీసుకెళితే పది తూటాల్లో మూడు పేలలేదు. తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ మీద గుంట పడింది గానీ లోతు లేదు. వాటినే మళ్ళీ ఎక్కించి కాలిస్తే రెండు పేలాయి, ఒకటి పేలనే లేదు. స్ప్రింగు చచ్చిపోయిందని ఒకరు, తూటాలు పాతవని మరొకరు అంటున్నారు. డబ్బు పెట్టే ముందు మీ అనుభవం చెప్పండి.

ఆదోని పత్తి:
ముందు తూటాలు మార్చి చూడండి అన్నా. నాకు వేరే డబ్బాతో సమస్య తీరిపోయింది. నా పాత డబ్బా వానాకాలమంతా తడిగోడ పక్కన ఉంది.

మాజీ ఆర్మరర్, కడప:
స్ప్రింగు కొనకండి, ముందు ఆ నూనె సంగతి చూద్దాం. పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే స్లైడ్ లోపల సన్నని సొరంగంలో స్ట్రైకర్ ముందుకు దూసుకెళ్ళి ప్రైమర్‌ను గుద్దుతుంది. సుత్తి ఉన్న పిస్టల్‌లోలా బరువైన దెబ్బ కాదది. చిన్న కడ్డీ, చిన్న స్ప్రింగు, అంతే. దారిలో ఏ కాస్త అడ్డం వచ్చినా బలం అక్కడే ఖర్చయిపోతుంది. మీరు పోసిన నూనె ఆ సొరంగంలోకి దిగి, మసితో, ఇత్తడి పొట్టుతో కలిసి ముదురు పాకంలా తయారై ఉంటుంది. పైగా మీది బండల కోత దుమ్ము. ఇన్నేళ్ళ సర్వీసులో నేను మార్చిన స్ప్రింగులకంటే తుడిచిన సొరంగాలే ఎక్కువ. అక్కడ నూనె ఉండకూడదు, పొడిగా ఉండాలి. నూనె తూటా దాకా పాకితే ప్రైమర్ మందు కూడా పాడవచ్చు.

పేలిన గుల్లలనూ పేలని తూటానూ పక్కపక్కన పెట్టి చూడండి. గుంట నడిమధ్యన ఉండి లోతు తక్కువైతే మురికి గానీ, నీరసించిన స్ప్రింగు గానీ, అరిగిన స్ట్రైకర్ మొన గానీ కారణం. గుంట పక్కకు జరిగి ఉంటే స్లైడ్ పూర్తిగా మూసుకుందో లేదో చూడాలి.

ఒక్క మాట మాత్రం మరవకండి. టక్కుమని పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటా ఉంటుంది. వెంటనే స్లైడ్ లాగి లోపలికి తొంగిచూసే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మానుకోవాలి.

తాడిపత్రి తోట:
స్లైడ్ పూర్తిగా మూసుకోకపోవడం గురించి సార్ చెప్పిందే నా విషయంలో జరిగింది. తూటా కూర్చునే ఛాంబర్‌లో మసి పేరుకుని స్లైడ్ కాగితం మందాన తెరుచుకునే ఉండేది. స్ట్రైకర్ బలంలో కొంత దాన్ని మూయడానికే పోయేది. ఛాంబర్ తోమి, స్లైడ్‌ను ముందుకు నెట్టి మూసే రీకాయిల్ స్ప్రింగు మార్పించాక మళ్ళీ ఆ బాధ లేదు.

ఆదోని పత్తి:
మా ఊళ్ళో లేత్ మెషీను దగ్గర గట్టి స్ప్రింగు చుట్టిస్తారట సార్, వేయించుకోవచ్చా?

మాజీ ఆర్మరర్, కడప:
వద్దు నాయనా. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతు చేసేవారికి కూడా లైసెన్సు ఉండాలి. అంతకన్నా ముఖ్యం, కొలత తప్పిన స్ప్రింగు ఉన్న పిస్టల్‌ను నేను చేతిలోకి కూడా తీసుకోను. స్ట్రైకర్ విప్పడం రాకపోతే లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్ళండి.

బండల క్వారీ, యర్రగుంట్ల:
నిన్న గన్‌స్మిత్ దగ్గర విప్పించాను. సార్ చెప్పినట్టే ఉంది. సొరంగంలోంచి దూది పుల్లకు నల్లటి జిగురు, మధ్యలో ఇత్తడి మెరుపులు. నాలుగు పుల్లలు పట్టింది. స్ట్రైకర్ మొన బాగానే ఉందన్నాడు, స్ప్రింగు మార్చలేదు. ఈ రోజు అదే డబ్బాలోంచి ఇరవై కాల్చాను. పంతొమ్మిది మొదటి దెబ్బకే పేలాయి. ఒకటి రెండో దెబ్బకు పేలింది. మొదటి దెబ్బ గుంట మాత్రం ఈసారి లోతుగానే ఉంది.

మాజీ ఆర్మరర్, కడప:
లోతుగా కొట్టినా మొదటిసారి పేలలేదంటే ఆ ఒక్కదానిలో ప్రైమర్ పూర్తిగా కూర్చోలేదేమో. అలాంటప్పుడు మొదటి దెబ్బ దాన్ని లోపలికి నెట్టడానికే సరిపోతుంది. మిగిలిన తూటాల అడుగును వేలితో తడిమి చూడండి. ప్రైమర్ పైకి పొడుచుకొచ్చినట్టు తగిలితే దాన్ని పక్కన పెట్టండి. ఈసారి వేరే డబ్బాలోంచి ఇరవై కాల్చి ఇక్కడ రాయండి.