ఆమె ‘నేదు’ అంటే మనం ‘లేదు’ అని రాయాలా?

మద్దిలపాలెం: మాట వింటే అక్షరాల్లోకి మార్చే చిన్న కంప్యూటర్ మోడల్ కోసం విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో గొంతులు రికార్డు చేస్తున్నాం. కానాగంత చేపలు అమ్మే పెద్దమ్మ ఒకావిడ “నిన్న గాలికి బోట్లెల్లనేదు బాబూ” అంది. మా టీమ్‌లో ఒకరు విన్నది విన్నట్టే టైప్ చేశారు, ఇంకొకరు “బోట్లు వెళ్లలేదు” అని దిద్దారు. నా ఓటు దిద్దడానికే. ఉన్న డేటా కొంచెం, ఒకే మాట అయిదు స్పెల్లింగుల్లో ఉంటే మోడల్ ఏదీ సరిగ్గా నేర్చుకోదు. రేపు ఆ మాటను వెతకాలన్నా, అనువదించాలన్నా ‘లేదు’ అనే ఉండాలి కదా.

భీమిలి రోడ్డు: తమ్ముడూ, నేను భాషాశాస్త్రం చదివి తర్వాత పైథాన్ కోడింగ్ నేర్చుకున్నదాన్ని. ‘దిద్దడం’ అన్నావు, నా అభ్యంతరం అక్కడే. పెద్దమ్మ తప్పు మాట్లాడలేదు. మన ఉత్తరాంధ్రలో లేదు ‘నేదు’ అవుతుంది, లేకపోతే ‘నేకపోతే’ అవుతుంది. పద్ధతి ఉన్న మార్పు ఇది, నాలుగు లైన్ల కోడ్‌తో ప్రామాణిక రూపానికి తెచ్చుకోవచ్చు. ప్రామాణిక రూపం నుంచి ఆమె అన్న మాటకి వెనక్కి రావడమే కుదరదు. ఆడియో ఉందిగా అంటావేమో, వేల క్లిప్పులు మళ్లీ ఎవరు వింటారు? అయిదు స్పెల్లింగులు వచ్చింది యాస వల్ల కాదు, టైప్ చేసేవాళ్లకి మనం రూల్స్ రాసివ్వకపోవడం వల్ల. రెండు వరుసలు పెట్టండి: విన్నది ఒకటి, ప్రామాణికం ఒకటి.

భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం తెరిచి చూడు. వ్యవసాయ పదాలు 1962లో, చేనేత పదాలు 1971లో వచ్చాయి. పనిచేసేవాళ్ల నోటి నుంచే మాటలు సేకరించి, ఏ మాట ఏ ప్రాంతానిదో పక్కనే రాశారు. మనం మెటాడేటా, అంటే డేటా గురించిన వివరాలు, అంటున్నది అదే.

గాజువాక: రెండు వరుసలంటే రెండింతల పని. టైప్ చేసేవాళ్లకి డబ్బులెవరిస్తారు? దానికంటే ముందు తప్పుల లెక్క సరిచేయండి. మోడల్ ‘వస్తానండి’ అని రాసింది, మన ఫైల్లో ‘వస్తాను అండి’ అని ఉంది. విన్నది సరిగ్గానే, కానీ మాటల లెక్కలో రెండు తప్పులు పడతాయి. తెలుగుకి అక్షరాల లెక్క కూడా చూడాలి.

సీతంపేట, ఇప్పుడు విశాఖ హాస్టల్: మీ తెలుగుకి కనీసం వాదించుకోవడానికైనా డేటా ఉంది. కంప్యూటర్‌తో అనువాదాలు చేసే ప్రభుత్వ వేదిక భాషిణి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల కోసం పనిచేస్తోంది. మా గిరిజన భాష సవర ఆ షెడ్యూల్లో లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1931లోనే సవర భాష గురించి పుస్తకం అచ్చు వేయించారు, 1938లో నిఘంటువు తెచ్చారు. ఇన్నేళ్లైనా మా అమ్మమ్మ ఫోన్‌తో తన భాషలో మాట్లాడలేకపోతోంది. సవరలో గొంతు దగ్గర గాలి టక్కున ఆగే శబ్దం ఒకటి ఉంది, తెలుగు అక్షరాల్లో దానికి గుర్తు లేదు. అది వినడం రానివాళ్లు టైప్ చేస్తే ఎంత డేటా పోగేసినా ఆ శబ్దం అందులో ఉండదు. మాకు కోడ్ రాసేవాళ్లు ఒక్కళ్లే సరిపోరు, చెవి ఉన్నవాళ్లు కావాలి. మీరు పెట్టే పద్ధతే రేపు మా దగ్గరికీ వస్తుంది, అందుకే చెబుతున్నాను.

మద్దిలపాలెం: రాత్రి పది క్లిప్పులు రెండు వరుసల్లో చేసి చూశాను. రెండింతలు కాలేదు గానీ సగం టైమ్ ఎక్కువే పట్టింది. ఒక క్లిప్‌లో “ఎలిపోనాది” అని స్పష్టంగా వినిపిస్తుంటే మేం ‘వెళ్లిపోయింది’ అని రాసేశాం. ఆ ఫైలుతో నేర్పితే మోడల్ ఏ శబ్దాన్ని దేనికి జత చేసుకుంటుందో అని టెన్షన్ పట్టుకుంది. విన్నది ఉంచుతున్నాం. రూల్స్ పేజీ మొదలుపెట్టాను. అక్కా, ‘బోట్లెల్లనేదు’ మొదటి వరుసలో కలిపే రాయాలా, విడదీయాలా?