గర్భిణికి మలేరియా వస్తే బిడ్డకూ సోకుతుందా?

మాది తిరుపతి. మా చెల్లెలికి ఎనిమిదో నెల. పాడేరులో ఉంటారు వాళ్లు, పురుటికి తీసుకొచ్చాం. వచ్చిన కొద్దిరోజులకే చలిజ్వరం. దుప్పట్ల మీద దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకున్నాయి. రక్తపరీక్షలో వైవాక్స్ మలేరియా అని తేలింది. క్లోరోక్విన్‌తో జ్వరం తగ్గింది. కాలేయంలో దాక్కున్న క్రిమికి వాడే ప్రైమాక్విన్ గర్భిణులకు ఇవ్వరు కాబట్టి, అది కాన్పయ్యాకే అన్నారు.

మా టెన్షన్ అంతా బిడ్డ గురించే. మాయ ద్వారా క్రిమి బిడ్డకు చేరవచ్చట, పుట్టిన కొన్ని వారాలకు గానీ జ్వరం కనిపించకపోవచ్చట. కాన్పు కాగానే బొడ్డుతాడు రక్తం పరీక్ష చేయమని మేమే అడగాలా? పాలిచ్చే తల్లికి ప్రైమాక్విన్ మొదలుపెట్టే ముందు బిడ్డకూ జీ6పీడీ పరీక్ష (ఈ ఎంజైము తక్కువుంటే ప్రైమాక్విన్‌తో ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి) చేయించారా ఎవరైనా? రుయాలో గానీ ప్రసూతి ఆసుపత్రిలో గానీ చూపించుకున్నవాళ్లుంటే దయచేసి చెప్పండి.