“రెండింతల శంకువు” అంటే ఏది రెండింతలు?

మొన్న మా అమ్మాయికి లెక్క చెబుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. రెండు సరూప (ఒకే ఆకారం గల) శంకువులు, ఏటవాలు ఎత్తులు 5, 10 సెం.మీ. చిన్నదాని సంపూర్ణతల వైశాల్యం (పక్కతలం, అడుగు కలిపి) 24π చ.సెం.మీ. అయితే పెద్దదానిది ఎంత? తను చకచకా 48π అని రాసేసింది. “రెండింతల శంకువే కదా నాన్నా!”

తప్పు లెక్కలో కాదు, ఆ మాటలోనే ఉందనిపించింది. రెండింతలు సరే, ఏది? పొడవు రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు, ఘనపరిమాణం ఎనిమిదింతలు అవుతుంది. మన వాడుకలో మూడింటికీ ఒకటే మాట.

గళ్ల కాగితం తెచ్చి బఠానీల పొట్లంలా రెండు శంకువులు చుట్టాం. చిన్నదాని భూవ్యాసార్ధం 3, పెద్దదానిది 6. విప్పి పరిస్తే రెండూ 216 డిగ్రీల వృత్త ముక్కలే. కోణం మారలేదు, అందుకే సరూపాలు. అడుగు వదిలేసి ఈ పక్కతలంలోని సెంటీమీటరు గళ్లు లెక్కపెడితే చిన్నదానిలో సుమారు 47, పెద్దదానిలో 188, అంటే నాలుగింతలు. ఆ అంకె చూశాక తనే 48π కొట్టేసి ఏటవాలు ఎత్తుల వర్గాలతో 24π : x = 25 : 100 అని వేసింది. జవాబు 96π.

పాఠంలో “రెండింతల శంకువు” అనకుండా “కొలతలన్నీ రెండింతలైన శంకువు” అని రాస్తే బాగుంటుందని నా ఉద్దేశం. మీరేమంటారు?

జవాబు: బాగుందండి. అలాగే “సరూప” బదులు “ఒకేలాంటి” అంటే పిల్లలకు ఇంకా తేలిక కదా?

నేను: వద్దండి. ఒకేలాంటి అంటే పరిమాణం కూడా ఒకటే అనుకుంటారు. దానికి సర్వసమానం అనే మాట ఉంది. సరూపంలో రూపం ఒక్కటే సమానం, ఆ తేడా పోగొట్టుకోకూడదు.

ఇంకో జవాబు: శంకువు అంటే మొదట మేకు కదండీ? శంకుస్థాపనలో ఉన్నది అదే.

నేను: అవునండి. నీడ కొలిచే పుల్ల కూడా శంకువే. 1150 నాటి భాస్కరాచార్యుని గణిత గ్రంథం లీలావతిలో 12 అంగుళాల (ఇంచీలు కాదు, వేలి వెడల్పులు) శంకువును దీపం ముందు నిలబెట్టి, నీడను బట్టి దీపం ఎత్తు తేలుస్తారు. అదీ సరూప త్రిభుజాల అనుపాతమే. కానీ అక్కడ ఉన్నవన్నీ పొడవులు, కాబట్టి త్రైరాశికం (తెలిసిన మూడు విలువలతో నాలుగోది కనుక్కోవడం) చాలు. మన శంకువుకు తలం ఉంది, అందుకే వర్గం కావాలి.