కొత్త కంప్యూటర్‌లో డిఫెండర్ (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) ఆపేసి ఇచ్చారు, వాడొచ్చా?

బైరాగిపట్టెడ నాన్న:
మా పాప డిగ్రీ రెండో సంవత్సరం. తన కోసం నిన్న తిరుపతిలోనే ఒక షాపులో కంప్యూటర్ అసెంబుల్ చేయించాను, 34 వేలు అయింది. విండోస్‌కు విడిగా డబ్బులెందుకని షాపు అబ్బాయి తన పెన్‌డ్రైవ్‌లోంచి విండోస్ 10 ఎక్కించాడు. "డిఫెండర్ ఆపేశాను సార్, లేకుంటే లైసెన్స్ లేకుండా విండోస్ నడిపే క్రాక్‌ను తీసేస్తుంది. అప్‌డేట్లు కూడా రావు, స్లో అవదు" అని అదేదో ఉపకారం చేసినట్టు చెప్పాడు. ఇంటికొచ్చి నెట్ కలిపానో లేదో, ఇంకా ప్లాస్టిక్ కవరు కూడా తీయని మానిటర్ మీద మూలన ఏవో ప్రకటనలు. కొత్తదానికి అప్పుడే వైరస్ వస్తుందా? పాప స్కాలర్‌షిప్ అప్లికేషన్ దీంట్లోనే పెట్టాలి. టెన్షన్‌గా ఉంది.

చిత్తూరు పాత మెకానిక్:
అన్నా, పెట్టె కొత్తదే, లోపలి విండోస్ ఆ పెన్‌డ్రైవ్ అంత పాతది.

2003 ఆగస్టులో నేను గాంధీ బొమ్మ దగ్గర సర్వీసు షాపులో ఉండేవాణ్ణి. కొత్త మెషీన్‌లో అప్పటి విండోస్ ఎక్స్‌పీ ఎక్కించి, అప్‌డేట్ దించుదామని డయలప్ కలిపితే, సగం దిగకముందే బాక్స్ వచ్చి 60 నుంచి వెనక్కి లెక్కపెట్టేది. సున్నాకు రాగానే రీస్టార్ట్. బ్లాస్టర్ వర్మ్ అది, నెట్‌లో తనంతట తానే పాకే వైరస్. ఎవరూ మెయిల్ తెరవలేదు, ఏదీ నొక్కలేదు. 135 పోర్టులోంచి, అంటే నెట్‌కు తెరిచి ఉన్న ఒక దారిలోంచి, అదే దూరేది. రన్‌లో "షట్‌డౌన్ -ఏ" కొట్టి లెక్క ఆపి, ఫైర్‌వాల్ (బయటి నుంచి దూరేవాటిని ఆపే గోడ) ఆన్ చేసి మళ్లీ దించేవాళ్లం. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్ జులై 16నే వచ్చింది, మా సీడీ అంతకు ముందుది. ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉన్నా ఆఫ్‌లో ఉండేది, 2004లో సర్వీస్ ప్యాక్ 2 అనే పెద్ద అప్‌డేట్ వచ్చాకే దానంతట అది ఆన్‌లో ఉండటం మొదలైంది.

ఇప్పుడు దానికి తోడు మీ రౌటర్ కూడా అడ్డం ఉంటుంది. బయటివాడు నేరుగా రావడం కష్టం. మీ ఇంట్లో దొంగ గోడ దూకలేదన్నా, షాపు అబ్బాయే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

స్కాన్‌తో సరిపెట్టొద్దు. వేరే మంచి కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచే విండోస్ 11ను 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి దించి, డిస్క్ మొత్తం తుడిచి ఎక్కించండి. విండోస్ 10 మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తోనే అయిపోయింది. లైసెన్స్ బరువనిపిస్తే విండోస్ బదులు ఉబుంటు వేసుకోండి, పైసా అక్కర్లేదు.

ఎం.ఆర్.పల్లి అక్క:
దాంట్లో పాప ఏమైనా లాగిన్ అయిందా? అయ్యుంటే పాస్‌వర్డ్‌లు ఫోన్‌లోంచి మార్చండి, ఆ కంప్యూటర్‌లో కాదు.

బైరాగిపట్టెడ నాన్న:
రాత్రే జీమెయిల్ తెరిచిందట సామీ! మార్చేశాం. షాపుకు ఫోన్ చేస్తే "అందరికీ ఇట్లే ఇస్తాం సార్, మీరొక్కరే అడుగుతున్నారు" అన్నాడు. ఆదివారం మా బామ్మర్ది పెన్‌డ్రైవ్ తెస్తానన్నాడు. అంతవరకు నెట్ వైరు పీకి బీరువాలో పెట్టాను, పాప మాట్లాడటం లేదు.