ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) నర్సుని. ఆఫ్రికాలోని మలావిలో పల్లెటూరి మిషన్ హాస్పిటల్‌కి రమ్మంటున్నారు. వెళ్లొచ్చిన వాళ్ళు ఉంటే చెప్పండి

పల్నాడు_సిస్టర్:

అందరికీ వందనాలు. మాది పల్నాడులో ఒక చిన్న ఊరు. బీఎస్సీ నర్సింగ్ చేసి హైదరాబాద్‌లో ఎన్‌ఐసీయూలో చేస్తున్నాను. మా సంఘం యూత్ కూడికకి ఒక డాక్టరుగారు వచ్చి, తను పనిచేసిన మలావి గురించి చెప్పారు. నెలలు నిండని పిల్లల్ని చూసుకునే నర్సు దొరికితే అక్కడి మిషన్ హాస్పిటల్‌కి చాలా మేలన్నారు. ఆ రోజు నుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. ఉపవాసం ఉండి ప్రార్థించాను. మా పాస్టర్ అయ్యగారు కూడా ఇది దేవుని పిలుపే అంటున్నారు. ఆ డాక్టరుగారి ద్వారా హాస్పిటల్ వాళ్ళకి రాస్తే, రెండేళ్ళు ఉండగలిగితే రమ్మన్నారు. ఉండడానికి ఇల్లు ఇస్తారట. జీతం ఉండదు, ఖర్చులు ఇక్కడి సంఘాలు, తెలిసినవాళ్ళు కలిసి చూసుకోవాలి.

ఇంట్లో సంగతి వేరు. చదువు లోను ఇంకా కొంచెం మిగిలుంది. అమ్మ అయితే ఆఫ్రికా అనగానే ఏడుపు. నాతో పనిచేసేవాళ్ళంతా జర్మన్ క్లాసులకు వెళ్తున్నారు, ఇద్దరు బీ2 అనే భాష పరీక్ష పాసై జర్మనీ వెళ్ళిపోయారు కూడా. నేను మాత్రం డబ్బు రాని చోటికి వెళ్తానంటే పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు. అక్కడ పని ఎలా ఉంటుంది? నాలాంటి దాని అవసరం నిజంగా ఉందా? ఇది పిలుపో, నైట్ డ్యూటీల మీద విసుగో నాకే తెలియక టెన్షన్‌గా ఉంది.

ఏజెన్సీ_అన్న:

సిస్టర్, తప్పుగా అనుకోవద్దు. పాడేరు వైపు కొండల్లో ఇప్పటికీ గర్భిణీల్ని డోలీలో మోసుకొస్తున్నారు, పేపర్లో చూస్తూనే ఉంటాం. అక్కడికి రమ్మంటే ఒక్క నర్సూ రాదు. ఆఫ్రికా అంటే మాత్రం సంఘంలో అందరూ చప్పట్లు కొడతారు, కానుకలు ఇస్తారు. విమానం ఎక్కితేనే పరిచర్యా?

గుంటూరు_ట్యూటరమ్మ:

చెల్లీ, నేను మలావి మధ్య ప్రాంతంలో, రాజధాని లిలాంగ్వేకి దూరంగా, ఒక మిషన్ హాస్పిటల్‌కి అనుబంధంగా ఉన్న నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా చేసి వచ్చాను. ఊరి పేరు రాయను. చిన్న చోటు, ఎవరి గురించి అంటున్నానో ఇట్టే తెలిసిపోతుంది.

సంఘాల్లో ఎవరూ చెప్పని సంగతితో మొదలుపెడతాను. వార్డుల్లో నర్సులు చాలరన్నది నిజమే. అలాగని మలావిలో నర్సింగ్ చదివినవాళ్ళే లేరనుకోకు. చదువు పూర్తిచేసి, లైసెన్సు తెచ్చుకుని, ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న పిల్లలు నాకే చాలామంది తెలుసు. పోస్టులు నింపడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. మిషన్ హాస్పిటళ్ళు చాలావరకు ఛామ్ కింద ఉంటాయి. పూర్తి పేరు క్రిస్టియన్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ మలావి, 1966 నుంచి ఉంది. వాటిలోనూ సిబ్బంది జీతాలు చాలావరకు ప్రభుత్వం నుంచే రావాలి. అది చాలదన్నట్టు 2023 నవంబరులో వాళ్ళ డబ్బు క్వాచా విలువని ఒక్కసారిగా 44 శాతం తగ్గించారు. వీలున్నవాళ్ళు ఇంగ్లాండ్ దారి పడుతున్నారు, మనవాళ్ళు జర్మనీ వెళ్తున్నట్టే.

అందుకని నువ్వు వెళ్ళి మామూలు వార్డు డ్యూటీ ఊరికే చేసిపెడితే, ఒక మలావి అమ్మాయికి జీతమిచ్చి చేయించుకోవాల్సిన పని నువ్వు చేసినట్టవుతుంది. అదే అక్కడి నర్సులకి నెలలు నిండని పిల్లల సంరక్షణ నేర్పి, వాళ్ళ చేతుల్లో పెట్టి రాగలిగితే నీ అవసరం ఉన్నట్టే. ఈ విషయం అయ్యగారిని అడిగితే తేలదు. హాస్పిటల్ మేట్రన్‌కి, అంటే నర్సుల పెద్దకి, నేరుగా రాయి. నా కింద ఎవరు నేర్చుకుంటారు, నేను వచ్చేశాక ఆ పని ఎవరు చూస్తారు అని అడుగు. జవాబులో మనుషుల పేర్లు, పోస్టులు ఉంటే మంచిది. "దేవుడు చూసుకుంటాడు" అని మాత్రమే వస్తే ఆగు.

ఇక పని. నీ ఎన్‌ఐసీయూలో ఉన్నవి ఏవీ ఉంటాయనుకోకు. వెంటిలేటర్ ఉండదు. ఉంటే పుమాని అనే బబుల్ సీపాప్ మెషిన్ ఉంటుంది, ఊపిరి అందని పిల్లలకి ముక్కు గొట్టాల ద్వారా ఒత్తిడితో గాలి అందించేది. బ్లాంటైర్ నగరంలోని క్వీన్ ఎలిజబెత్ హాస్పిటల్‌లో దాన్ని పరీక్షించి చూసి, తర్వాత జిల్లాలకి ఇచ్చారు. చక్కగా పనిచేస్తుంది, కరెంటు ఉంటే. పోతే ఆక్సిజన్ ఇచ్చే కాన్సంట్రేటర్ ఆగుతుంది, జనరేటర్‌కి డీజిల్ ఉందో లేదో అప్పుడు వెతుకుతారు. కిలోన్నర బిడ్డని తల్లి గుండెకి ఆనించి చితెంజె గుడ్డతో కట్టేస్తారు. హైదరాబాద్‌లో కంగారూ కేర్ మనం ఫైల్లో టిక్కు పెట్టడానికి చేయిస్తాం. అక్కడ చాలామంది పిల్లలు బతికేది దానితోనే. ఆ తల్లుల దగ్గర నువ్వే నేర్చుకుంటావు.

సిజేరియన్ చేసేది చాలాసార్లు డాక్టరు కాదు, ఆ పనికి శిక్షణ పొందిన క్లినికల్ ఆఫీసర్. ఎంబీబీఎస్ కాదని చిన్నచూపు చూడకు. నేను చూసిన మంచి చేతుల్లో కొన్ని వాళ్ళవే.

రోగి పక్కన గార్డియన్ అని ఒకరుంటారు, అమ్మో అక్కో అత్తో. వంట, బట్టలు, స్నానం అంతా వాళ్ళదే. హాస్పిటల్ వెనక షెడ్డులో కట్టెల పొయ్యి మీద ఎన్సీమా వండుతారు, మన సంకటి లాంటిదే కానీ తెల్ల మొక్కజొన్న పిండితో. గుమ్మడాకు కూరో, సరస్సు నుంచి వచ్చే ఉసిపా అనే సన్న చేపలో పక్కన ఉంటాయి. మందు ఎప్పుడు వేయాలో గార్డియన్‌కి చెప్పడం రాకపోతే నీ నర్సింగ్ సగం పోయినట్టే. అందుకే మొదటి నెలల్లో అక్కడి భాష చిచెవా నేర్చుకోవడానికి టైమ్ ఇస్తారా అని అడుగు. ఇంగ్లీషుతో స్టాఫ్ దగ్గర గడిచిపోతుంది, తల్లుల దగ్గర గడవదు.

వానలు నవంబరు, డిసెంబరుల్లో మొదలవుతాయి. ఆ తర్వాత మార్చి దాకా రెండు కష్టాలు కలిసి వస్తాయి. పాత మొక్కజొన్న గాదెల్లో అయిపోయి ఉంటుంది, కొత్తది చేతికి రాదు. అదే కాలంలో ప్రాణాలు తీసే ఫాల్సిపారం రకం మలేరియా. రక్తం బాగా తగ్గిపోయి హిమోగ్లోబిన్ మూడు, నాలుగు ఉన్న పసిపిల్లల్ని సైకిల్ వెనక కట్టుకుని తెస్తారు. బ్లడ్ బ్యాంకులో రక్తం లేకపోతే తండ్రినో మేనమామనో పరీక్షించి తీస్తారు. మలేరియాకి ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజక్షన్ పడి, రక్తం ఎక్కితే, పొద్దున్న స్పృహ లేకుండా వచ్చిన బిడ్డ మర్నాడు లేచి కూర్చుంటుంది. అందరూ కూర్చోరు. మన కార్పొరేట్ హాస్పిటల్లో ఒక బిడ్డ పోతే మీటింగ్ పెడతారు. అక్కడ ఆ మంచం మీదికి ఇంకో బిడ్డ వస్తుంది. దానికి నువ్వు తట్టుకుంటావా లేదా అన్నది ఇక్కడ కూర్చుని తేల్చలేవు. కానీ సాయంత్రం మనసు విప్పి మాట్లాడుకునే మనిషి ఒకరైనా అక్కడ ఉన్నారో లేదో ముందే కనుక్కోవచ్చు.

ఇంకోటి. సువార్త తీసుకెళ్తున్నానని అనుకుంటున్నావేమో. మలావిలో ఎక్కువమంది క్రైస్తవులే. నువ్వు వెళ్ళే హాస్పిటల్ కూడా అక్కడి సంఘానిదే అయి ఉంటుంది. వార్డులో పొద్దున్న ప్రార్థన వాళ్ళే నడిపిస్తారు, నువ్వు వెనక వరసలో నిలబడి పాడతావు. పాట మాత్రం, అబ్బ, వంతులు పంచుకుని పాడతారు! మన కూడికల్లో కీబోర్డు మోతకి అలవాటైన చెవికి అది పండగే.

ఏజెన్సీ అన్న అడిగింది న్యాయమైన ప్రశ్నే. పాడేరులో చేయగలిగితే అక్కడే చెయ్యి, దేవుడికి దేశాల లెక్క లేదు. నేను ఒకటి చూస్తాను. పాడేరు నుంచి నిన్ను ఎవరైనా పేరు పెట్టి పిలిచారా? మలావి నుంచైతే ఒక హాస్పిటల్ ఈ పనికి ఇలాంటి మనిషి కావాలంటోంది. అది చిన్న తేడా కాదు.

నెల్లూరు_పెద్దాయన:

అమ్మాయీ, మనవాళ్ళకి ఇది కొత్త కాదు. 1860 నుంచి మన తెలుగువాళ్ళని, తమిళుల్ని కూలి ఒప్పందాల మీద ఓడల్లో దక్షిణాఫ్రికా నాటాల్‌కి తీసుకెళ్ళారు. అక్కడి తెలుగు బాప్టిస్టులు తమకొక కాపరి కావాలని అడిగితే, 1903లో జాన్ రంగయ్యగారు వెళ్ళారు. ఆయన్ని పంపింది తెల్లవాళ్ళ మిషను కాదు, ఇక్కడి తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషనరీ సొసైటీ. కియర్స్‌నీ తోటల దగ్గర సంఘం కట్టారు, 1915లో చనిపోయేదాకా ఆ సేవలోనే ఉన్నారు. చిత్రమేమిటంటే అదే 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని, డోర్నకల్ వైపు మన పల్లెలకి మనుషుల్ని పంపారు. మనం ఒకరి దగ్గరికి వెళ్తున్నప్పుడే ఇంకొకరు మన దగ్గరికి వస్తున్నారు. ఏజెన్సీ అన్నలాంటి వాళ్ళు ఆ రోజు తిరునెల్వేలిలోనూ ఉండే ఉంటారు, "మన ఊళ్ళో పని లేదా" అంటూ.

రంగయ్యగారు మాత్రం తన భాష వాళ్ళ దగ్గరికే వెళ్ళారు. నీకు ఆ సౌకర్యం లేదు. ట్యూటరమ్మ భాష గురించి చెప్పింది మర్చిపోకు.

పల్నాడు_సిస్టర్:

అక్కా, ఇంత వివరంగా రాసినందుకు వందనాలు. మేట్రన్‌కి నిన్న రాత్రే మెయిల్ పెట్టాను. ఇంకో రెండు సంగతులు. డబ్బు విషయం అడగడానికి సిగ్గుగా ఉంది, సంఘాల ముందు నిలబడి ఎలా అడగాలి? అమ్మకి ఏం చెప్పాలి?

గుంటూరు_ట్యూటరమ్మ:

డబ్బుకి సిగ్గుపడకు, కానీ లెక్క కాగితం మీద పెట్టు. తిండి, చిచెవా ట్యూషను, రానూపోనూ టికెట్, వర్క్ పర్మిట్, మలావి నర్సుల కౌన్సిల్ రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, మధ్యలో అర్జెంటుగా ఇంటికి రావాల్సి వస్తే టికెట్. దానికి తోడు నీ లోను. లోను తీరకుండా బయల్దేరొద్దు. నాన్నకి బ్యాంకు నుంచి ఫోన్లు వస్తుంటే అక్కడ నీకు ప్రార్థన కుదరదు. కానుక పళ్ళెంలో ఒక్కసారి పడే డబ్బు నమ్ముకోకు. నెలనెలా వెయ్యో రెండు వేలో తప్పకుండా పంపే ఇళ్ళు కొన్ని ఉంటే చాలు. లెక్క చూసే బాధ్యత నీకు చుట్టం కాని మనిషికి ఇవ్వు. బయటి నుంచి వచ్చే డబ్బు ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. 2025లో అమెరికా తన విదేశీ సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌ని మూసేసినప్పుడు దాని డబ్బుతో నడిచే పనులు చాలా దేశాల్లో అర్ధంతరంగా ఆగాయి.

డబ్బు ఇచ్చేవాళ్ళు ఫోటోలు అడుగుతారు. ఎముకలు కనిపించే పిల్లల ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టమంటారు. పెట్టకు. ఆ తల్లిని అడిగి తీశానంటావు, నర్సమ్మ అడిగితే కాదనే ధైర్యం ఆమెకి ఉండదు. బదులుగా ఉత్తరం రాయి. నేను అలా ఉత్తరాలే రాస్తే ఇద్దరు డబ్బు పంపడం మానేశారు. మిగతావాళ్ళు చివరిదాకా పంపారు.

అమ్మ సంగతి నీ తరఫున నేను చెప్పలేను. మా అమ్మకి భయం ఆఫ్రికా మీద కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తను పోతే నేను సమయానికి రాలేనేమో అని. ఆ ఎమర్జెన్సీ టికెట్ డబ్బు తన పేరు మీద బ్యాంకులో వేసి పాస్‌బుక్ చేతిలో పెట్టాక అడగడం మానేసింది. మీ అమ్మ భయం వేరే కావచ్చు. పెళ్ళి గురించే అయితే ఎలాగూ హైదరాబాద్‌లో ఉన్నా అదే గొడవ.

విసుగా, పిలుపా అన్నావు కదా. సెలవు పెట్టి రెండు వారాలు ఇంటికెళ్ళి బాగా నిద్రపో. లేచాక కూడా మలావి గుర్తొస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

అడిస్ అబాబా మీదుగా టికెట్ తీస్తే ఎల్లో ఫీవర్ టీకా ముందే వేయించుకో. హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు పడాలి, ఆ కార్డు జీవితాంతం పనికొస్తుంది. సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపు హెచ్‌ఐవీ మందు మొదలుపెట్టాలని నీకు తెలుసు. ఆ మందు హాస్పిటల్లో ఎవరి దగ్గర ఉంటుందో చేరిన రోజే కనుక్కో.

ఏజెన్సీ_అన్న:

నా మాట నేను వెనక్కి తీసుకోను. అయినా సిస్టర్ వెళ్తే నెలకి ఐదొందలు నా పేరు రాసుకోండి. ఫోటోలు అక్కర్లేదు.

పల్నాడు_సిస్టర్:

అన్నా, థ్యాంక్స్. లోను తీరేదాకా ఆగుతాను, అప్పుడు రాస్తాను మీ పేరు. మేట్రన్ నుంచి జవాబు వచ్చింది అక్కా. ఇద్దరు నర్సుల పేర్లు రాశారు. ఒకావిడ ఇప్పటికే పుమాని నడుపుతోందట, నన్నే తిరిగి అడిగారు: "మీరు పుమాని ఎప్పుడైనా వాడారా?" వాడలేదు. ఇక్కడ ఎవరి దగ్గరైనా బబుల్ సీపాప్ చేత్తో కట్టి నడిపే అనుభవం ఉంటే చెప్పండి, వచ్చి నేర్చుకుంటాను.