ఆప్‌-ఆంప్ ల్యాబ్‌లో 741 ఇంకా అవసరమా?

సోల్డర్_సీను:
బీటెక్ ల్యాబ్‌లో ఆప్‌-ఆంప్ (సిగ్నల్‌ని పెంచే ఐసీ) అనగానే ఇప్పటికీ చేతిలో పెట్టేది 741. 1968లో ఫెయిర్‌చైల్డ్ తెచ్చిన ఐసీ అది. మామూలుగా ప్లస్, మైనస్ 15 వోల్టుల సప్లై మీద నడిపిస్తారు. పిల్లలు ఇంటికెళ్లి ఆర్డుయినో బోర్డు ఇచ్చే 5 వోల్టులతో బఫర్ (ఇన్‌పుట్ ఎంతో అవుట్‌పుట్ కూడా అంతే ఇచ్చే సర్క్యూట్) కడతారు. ఇన్‌పుట్ అర వోల్టే ఉన్నా అవుట్‌పుట్ అంత కిందికి దిగదు. తమదే తప్పనుకుని ఆ సబ్జెక్టే వదిలేస్తారు. ఎల్‌ఎం358 అనే ఆప్‌-ఆంప్ అయితే మైనస్ వోల్టేజీ లేకుండా సింగిల్ సప్లైతో నడుస్తుంది, గ్రౌండ్ దాకా ఇన్‌పుట్ తీసుకుంటుంది. 741ని సిలబస్ నుంచి తీసేయాలి.

ల్యాబ్_మేడమ్:
సీను గారూ, నేను ఒప్పుకోను. దాని లోపాలు కంటికి కనిపిస్తాయి, పాఠానికి కావలసింది అదే. బఫర్‌కి 10 వోల్టుల పీక్ సైన్ వేవ్ ఇవ్వండి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర శుభ్రంగా వస్తుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర సీఆర్‌ఓ (సిగ్నల్ ఆకారం చూపే పరికరం) మీద త్రిభుజం కనిపిస్తుంది. 741 స్లూ రేట్, అంటే అవుట్‌పుట్ మారగల గరిష్ఠ వేగం, మైక్రోసెకనుకు అర వోల్టే కాబట్టి లెక్క ప్రకారం సుమారు 8 కిలోహెర్ట్జ్ దాటితే అందుకోలేదు. అదే సాకెట్ పక్కన ఇంకా వేగమైన ఆప్‌-ఆంప్ టీఎల్‌072 పెడితే మళ్లీ సైన్ వేవే. ఈ తేడా చూసిన పిల్లలు డేటాషీట్ తెరవకుండా ఐసీ కొనరు. పైగా మీ 358 స్లూ రేట్ కూడా అంతంతే.

ఈసీఈ_మూడో_ఏడు:
మేడమ్, మాకు ఐసీతో కాదు, వర్చువల్ గ్రౌండ్‌తోనే (గ్రౌండ్‌కి కలపకపోయినా పిన్ సున్నా వోల్టుల దగ్గర ఉండటం) తంటా. 1కే, 10కే (కిలో ఓమ్) రెసిస్టర్లు పెడితే గెయిన్, అంటే ఇన్‌పుట్‌కి అవుట్‌పుట్ ఎన్ని రెట్లో, ఇన్వర్టింగ్‌లో (గుర్తు తిరగబడే సర్క్యూట్) మైనస్ 10, నాన్‌ ఇన్వర్టింగ్‌లో 11. వైవాలో ఆ 11 ఎందుకని అడిగితే ఫార్ములా అప్పజెబుతాం.

ల్యాబ్_మేడమ్:
కరెంటుతో ఆలోచించు. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌ని 10కే గుండా తిరిగి రెండో పిన్‌కి కలపడం) వల్ల రెండో పిన్, అంటే మైనస్ ఇన్‌పుట్, మూడో పిన్‌ని, అంటే ప్లస్ ఇన్‌పుట్‌ని, అనుసరిస్తుంది. నాన్‌ ఇన్వర్టింగ్‌లో మూడో పిన్‌కిచ్చే ఇన్‌పుట్ 1 వోల్టయితే రెండో పిన్ కూడా 1 వోల్టే. 1కే గుండా గ్రౌండ్‌కి 1 మిల్లీఆంపు. పిన్‌లోకి కరెంటు దాదాపు పోదు కాబట్టి అదంతా 10కే గుండానే రావాలి, అక్కడ 10 వోల్టులు. ఆ 10కి పిన్ మీది 1 కలిపితే 11. ఇన్వర్టింగ్‌లో మూడో పిన్ గ్రౌండ్‌కి ఉంటుంది కాబట్టి రెండో పిన్ కూడా సున్నా దగ్గర ఉంటుంది, అందుకే 10.

ఇప్పుడు 1 వోల్టు ఇన్‌పుట్‌తో ఇన్వర్టింగ్ కట్టి, మీటరు రెండో పిన్ మీద పెట్టి, బ్రెడ్‌బోర్డు మీంచి 10కే పీకెయ్. సున్నా కాస్తా 1 వోల్టవుతుంది, అవుట్‌పుట్ మైనస్ 13, 14 దగ్గర ఇరుక్కుంటుంది. వర్చువల్ గ్రౌండ్ ఐసీలో లేదు, ఆ రెసిస్టర్ వల్ల వచ్చింది.

సోల్డర్_సీను:
ఈ ప్రయోగం 358తోనూ అవుతుంది మేడమ్. స్లూ రేట్ వారానికి 741 ఉంచండి, సరే. మొదటి వారం మాత్రం పిల్లలు ఇంట్లో మళ్లీ కట్టుకోగలిగే ఐసీయే ఇవ్వాలి. దీని మీద నేను తగ్గను.